పన్నెండు బొమ్మల పెట్టె

మద్రాసు నుండి బెజవాడకు పోయే పెద్ద లైను మీద బాపట్ల, తెనాలి స్టేషన్లు ఉన్నవి. తెనాలి వద్ద చీలిన మరొక లైను వరిపొలాల మధ్యగా సాగి రేపల్లెలో ఆగిపోతుంది. ఫోటో తీసే విద్యకు కావలసిన గాజుపలకలు, ఫిల్ము, కాగితం, మందులు చాలాకాలం ఈ పట్టాల మీదనే ఈ మూడు ఊళ్ళకు చేరుతూ వచ్చినవి. కెమేరా ఎంత చిన్నదైతే అంత సుఖమని నేటి పాఠకునికి తోచవచ్చును. కాని ఆ ఊళ్ళలో స్టూడియో నడిపినవారి ఎదుట ఉన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. పెట్టెను ఎంతవరకు చిన్నది చేయవచ్చును? చిన్నది చేసినకొద్దీ ఏమి పోగొట్టుకొంటాము?

మొదట ఉన్నది పెద్ద పెట్టె. మూడు కాళ్ళ కొయ్యబల్ల మీద తోలుతిత్తి గల కెమేరా, వెనుక నల్లగుడ్డ, ఆ గుడ్డ క్రింద తల దూర్చిన మనిషి. ఇందులో వాడేది గాజుపలక. స్టూడియోలలో వాడుకగా చెప్పే ‘హాఫ్ ప్లేటు’ పొడవు ఆరున్నర అంగుళాలు, వెడల్పు నాలుగు ముప్పావు అంగుళాలు. ఒకటిన్నర మిల్లీమీటరు మందం గల అటువంటి పలకలు డజను కలిస్తే దాదాపు ఒక కిలోగ్రాము బరువు తూగుతవి. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, 1894లో నిజాము నుండి ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ చిత్రాలన్నీ ఇటువంటి పెద్ద పలకల మీద తీసినవే. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపి, ఆ తరువాత తెలుగు చలనచిత్రానికి ఆద్యుడైన రఘుపతి వెంకయ్య చేయి తిరిగినదీ ఈ విద్యలోనే.

గాజుపలకలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. దానిని కాగితానికి ఆనించి ఎండ చూపితే చాలు, అదే కొలతలో బొమ్మ తయారవుతుంది. పెద్దది చేయవలసిన పని లేదు, విద్యుత్తు అక్కర లేదు. కరెంటు దీపాలు రాని ఊరిలో ఇది చిన్న విషయం కాదు. కాని పెళ్ళి పొరుగూరిలో అయితే డజను పలకలు, వాటి పెట్టెలు, కాళ్ళబల్ల, తిత్తి కెమేరా అన్నీ బండి మీద వేసుకొని పోవలె. దారిలో ఒక్క కుదుపుకు ఒక పలక పగిలితే ఆ బొమ్మ ఇక లేనట్లే.

ఈ బరువుకు విరుగుడుగా వచ్చినది చుట్టు ఫిల్ము. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో చుట్టు ఫిల్ముతో పని చేసే కొడాక్ కెమేరాను అంగడికి తెచ్చినాడు. 1901లో ఆ కంపెనీవారే తమ రెండవ నంబరు బ్రౌనీ కెమేరా కోసం ఒక ఫిల్మును తయారు చేసి దానికి 120 అని పేరు పెట్టినారు. ఈ అంకెకు ఏ కొలతతోనూ సంబంధం లేదు. కంపెనీవారి జాబితాలోని వరుస సంఖ్య మాత్రమే. ఫిల్ము వెడల్పు సుమారు 61 మిల్లీమీటర్లు, పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు. వెనుక నల్ల కాగితం, దాని మీద అంకెలు. కెమేరా వీపున ఉన్న చిన్న ఎర్రకిటికీలో అంకె కనబడేవరకు మీట త్రిప్పవలె. ఆ బ్రౌనీ కాలగర్భంలో కలిసిపోయినది గాని, 120 ఫిల్ము నూట ఇరవై ఏళ్ళు దాటినా నేటికీ తయారవుతూనే ఉన్నది. ఏ యంత్రం కోసం పుట్టినదో దానికన్న ఎక్కువ కాలం బ్రతికిన సరుకు పరిశ్రమల చరిత్రలో అరుదు.

ఒకే చుట్ట మీద వేరువేరు కొలతల బొమ్మలు తీయవచ్చును. ఆరు సెంటీమీటర్లకు తొమ్మిది అయితే ఎనిమిది బొమ్మలు, ఆరుకు ఆరు అయితే పన్నెండు, ఆరుకు నాలుగున్నర అయితే పదహారు. గాజుపలక అంత పెద్దది కాక, సినిమా ఫిల్ము అంత చిన్నది కాక మధ్యస్థంగా ఉన్నది గనుక దీనికి ‘మీడియం ఫార్మాట్’ అని పేరు వచ్చినది. మన స్టూడియోలవారు ఆ పేరును ఎక్కువగా వాడలేదు. ‘వన్ ట్వంటీ’ అంటే వారికి అర్థమయ్యేది.

ఇంతలో ఒక పోటీదారు వచ్చినాడు. సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మును చేతి కెమేరాలో ఇమిడ్చి జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్‌జిగ్ సంతలో ప్రదర్శింపబడినది. ఒక చుట్టకు ముప్పది ఆరు బొమ్మలు. కోటు జేబులో పట్టే కెమేరా. పత్రికా విలేఖరులు దానిని వెంటనే చేపట్టినారు. మరి స్టూడియోలు, పెళ్ళి ఫోటోలవారు ఇంకా అరవై ఏళ్ళకు పైగా 120నే పట్టుకొని ఎందుకు వ్రేలాడినారు? వారిది వట్టి ఛాందసమా?

లెక్క వేసి చూడవచ్చును. లైకా బొమ్మ 24 మిల్లీమీటర్లకు 36, అనగా వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ‘ఆరుకు ఆరు’ అనే చతురస్రం నిజానికి 56కు 56, అనగా 3,136 చదరపు మిల్లీమీటర్లు. మూడున్నర రెట్లకు పైబడిన వైశాల్యం. గోడకు తగిలించే పన్నెండు అంగుళాల ఎత్తు గల పటం కావలెనంటే, అడ్డంగా తీసిన లైకా నెగెటివును పన్నెండున్నర రెట్లకు మించి పెంచవలె. చతురస్రపు నెగెటివును ఐదున్నర రెట్లు పెంచితే చాలు. ఫిల్ములో వెలుగుకు నల్లబడేవి రజతలవణాల రవ్వలు. ఈ రవ్వల పరిమాణం ఫిల్ము చిన్నదైనంత మాత్రాన చిన్నది కాదు. తక్కువ పెంచిన బొమ్మలో అవి కంటికి ఆనవు; ఎక్కువ పెంచినప్పుడు చెంపల మీద ఇసుక చల్లినట్లు కనబడతవి.

కోస్తా ఎండలను కూడ ఈ లెక్కలో చేర్చవలె. డెవలపు చేసే మందును 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వాడుమని డబ్బా మీద వ్రాసి ఉండేది. మే నెలలో బాపట్లలోనో రేపల్లెలోనో కుళాయి నీరు కూడ అంత చల్లగా ఉండదు. వేడికి మందు త్వరపడి పని చేస్తుంది. ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, ఒక్కొక్కప్పుడు అంచుల వద్ద లేచి వస్తుంది. వేడి నీటి నుండి చల్లని నీటిలోనికి మార్చితే జెలటిన్ ముడుతలు పడి చెరువు ఎండిన నేల వలె బీటలు తీస్తుంది. మంచుగడ్డలు తెప్పించి, పటికజాతి లవణాలు కలిపి జాగ్రత్త పడినా కొంత లోపం మిగిలేది. ఆ లోపం ఐదు రెట్లు పెరిగితే క్షమింపదగినది, పదమూడు రెట్లు పెరిగితే కాదు. చలిదేశపు ప్రయోగశాలలో చిన్న ఫిల్ముకు వచ్చిన మంచి పేరు ఇక్కడ చెల్లకపోవటానికి ఇది ఒక కారణం.

ఇక రెండవ కారణం పెన్సిలు. నెటి తరానికి ఈ సంగతి వింతగా తోచవచ్చును. స్టూడియోలో ఫోటో తీయటం సగం పని మాత్రమే. తక్కిన సగం, కిటికీ దగ్గర ఏటవాలు చట్రం మీద నెగెటివును నిలిపి, సూదిలాగ చెక్కిన గట్టి పెన్సిలుతో దాని మీద చేసే దిద్దుబాటు. మశూచి మచ్చ, కంటి క్రింది గుంట, నుదుటి ముడుత, ఇవి నెగెటివులో పలుచగా, దాదాపు పారదర్శకంగా ఉంటవి. అక్కడ పెన్సిలు చుక్కలు పెడితే వెలుగు తక్కువ పోయి, కాగితం మీద ఆ చోటు తెల్లబడుతుంది. నల్లగా చేయవలసిన చోటును సన్నని కత్తితో గీకుతారు. పెండ్లిచూపులకు పంపే ఫోటోలో ఈ పెన్సిలు ఎన్ని సంబంధాలు కుదిర్చినదో లెక్క కట్టినవారు లేరు. నిలువెత్తు మనిషిని చట్రం నిండుగా తీసినప్పుడు తల కొలత హాఫ్ ప్లేటు మీద రెండు సెంటీమీటర్లకు పైన ఉంటుంది. ఆరుకు ఆరు మీద ఏడు మిల్లీమీటర్లు. లైకా ఫిల్ము మీద ఐదు కూడ ఉండదు. పెన్సిలు మొన నిలవటానికి చోటు కావలె గదా. 120 ఫిల్ము మీద, అందునా మెడవరకు తీసిన బొమ్మ అయితే, ఆ చోటు దొరికేది. దానికన్న చిన్నదైతే ఆ చేతిపనికి స్వస్తి చెప్పవలసినదే.

ఇన్ని కారణాలున్నా, చేతికి అనువైన యంత్రం రాకుంటే 120 ఇంతగా పాతుకొనేది కాదు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు భాగస్వాములు 1920లో నెలకొల్పిన సంస్థ, 1929లో రోలైఫ్లెక్స్ అనే జంటకటకాల కెమేరాను అంగడిలో పెట్టినది. ఒకదాని పైన ఒకటిగా రెండు కటకాలు. క్రింది కటకం ఫిల్ము మీద బొమ్మను వేస్తుంది. పై కటకం వెనుక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉండి, ప్రతిబింబాన్ని పైకి మళ్ళించి గరుకు గాజు మీద పడవేస్తుంది. ఫోటో తీసేవాడు కెమేరాను నడుము వద్ద పట్టుకొని, తల వంచి, ఆ గాజులోనికి చూస్తాడు. ఫిల్ము మీద పడబోయే బొమ్మ అంతే కొలతలో, రంగులతో, కదులుతూ అతనికి కనబడుతుంది.

దీని వలన రెండు చిక్కులు కలిగినవి. ఒకటి, అద్దం ఒక్కటే గనుక ప్రతిబింబంలో కుడిఎడమలు తారుమారవుతవి. పెండ్లికూతురు కుడివైపు నడిస్తే గాజు మీద ఎడమవైపు నడుస్తుంది. అలవాటు లేనివాడు కెమేరాను ఎదురువైపు త్రిప్పి ఆమెను పోగొట్టుకొంటాడు. రెండవది, చూసే కటకానికీ తీసే కటకానికీ మధ్య సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉన్నది. దూరపు వస్తువులకు దానితో పని లేదు. పసిబిడ్డ ముఖాన్ని దగ్గరగా తీసినప్పుడు మాత్రం గాజు మీద నిండుగా కనబడిన తల ఫిల్ము మీద కొంత తెగిపోతుంది. మంచి కెమేరాలలో, దూరం సరిచేసినకొద్దీ గాజు క్రింది చట్రం తానే జరిగి ఈ లోపాన్ని సవరిస్తుంది.

కాని నడుము దగ్గరి ఈ చూపునకు ఒక గుణం ఉన్నది. కంటికి యంత్రం అడ్డుపెట్టుకొన్నవానిని చూస్తే పల్లెటూరి ముసలివారు బిగుసుకుపోయేవారు. తల వంచినవానిని చూస్తే అంత బెదురు లేదు. అతడు యంత్రాన్ని చూస్తున్నాడే తప్ప తమను తేరిపార చూడటంలేదు. పైగా నడుము ఎత్తు నుండి తీసిన నిలువెత్తు బొమ్మలో మనిషి కాళ్ళు కురచగా, తల పెద్దదిగా రావు. కూర్చున్నవారి ముఖం కూడ ఇంచుమించు కటకానికి ఎదురుగానే ఉంటుంది. చతురస్రం కావటం వలన నిలువు బొమ్మకూ అడ్డబొమ్మకూ కెమేరాను పక్కకు వాల్చనక్కరలేదు, తరువాత కత్తిరించుకొనవచ్చును.

రోలైఫ్లెక్స్ ధర సామాన్యుని అందుబాటులో లేదు. 1956-57 నాటి విదేశమారక ద్రవ్యపు ఇబ్బంది తరువాత మనదేశంలో విదేశీ కెమేరాల దిగుమతి మీద కట్టుబాట్లు బిగిసినవి. ఉన్న కెమేరాలే చేతులు మారినవి. తండ్రి వాడినది కొడుకు వాడినాడు. రోలైఫ్లెక్స్ నమూనా మీద జపానువారు చేసిన యాషికా, సోవియట్ రష్యావారి లుబిటెల్, చీనావారి సీగల్ ఆ లోటును కొంత తీర్చినవి. యాషికావారు 1958లో 635 అనే మాదిరిని తెచ్చినారు. దానిలో 120 ఫిల్మూ పడుతుంది, అమరికలు మార్చితే 35 మిల్లీమీటర్ల ఫిల్మూ పడుతుంది. రెండు కెమేరాలు కొనలేని వాని మనసు తెలిసినవారే అటువంటిది చేయగలరు. మన బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ మధ్యతరగతి ఇళ్ళకు కెమేరాను తీసుకువచ్చినది. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతే. దానిలోనూ 120 చుట్టే, పన్నెండు బొమ్మలే. ఫిల్ము కోసం భారత ప్రభుత్వం ఉదకమండలంలో 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించినది. 1967లో ఉత్పత్తి మొదలై ‘ఇందు’ పేరుతో ఫిల్ము వచ్చినది. ఆ కర్మాగారం తరువాత మూతపడినది.

ఈ కాలంలోనే తెనాలి వాడైన చక్రపాణి తీర్చిదిద్దిన ‘చందమామ’లో ఫోటో వ్యాఖ్యల పోటీ నడిచేది. రెండు ఫోటోలు ఇచ్చి తగిన మాటలు వ్రాసి పంపుమనేవారు. ఫోటో అనేది ఇంటిలో గోడకు వ్రేలాడే పెద్దల పటం మాత్రమే కాదని పిల్లలకు మొదట తెలిపినది ఆ పుటే అనవచ్చును. తెనాలి చెంతనున్న బుర్రిపాలెం యువకుడు ఘట్టమనేని కృష్ణ, కొత్తవారి కోసం ఆదుర్తి సుబ్బారావు వెదుకుతున్నారని తెలిసి ఫోటోలు పంపగా, అవి చూసి ఆయనను మద్రాసుకు పిలిపించినారు. 1965లో ‘తేనెమనసులు’ విడుదలైనది. ఒక కాగితపు ముక్క మీద పడిన ముఖం మనిషి దారినే మార్చగలిగిన రోజులవి.

పెళ్ళి మాత్రం స్టూడియో వలె నిదానమైనది కాదు. తాటాకు పందిరి క్రింద నీడ, పందిరి సందుల నుండి ఎండచుక్కలు, బయట కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు. ముఖాలకు వెలుగు చాలదు గనుక ఫ్లాషు కావలె. బయటి ఎండ తెల్లగా మాడిపోకుండ షట్టరు వేగంగా మూయవలె. ఇక్కడ షట్టరు ఉన్న తావును బట్టి ఫలితం మారుతుంది. లైకా వంటి కెమేరాలలో షట్టరు ఫిల్ముకు ముందున్న తెర; వేగం ఎక్కువైనప్పుడు అది పూర్తిగా తెరుచుకోదు, సన్నని చీలికగా జరిగిపోతుంది. ఆ క్షణంలో ఫ్లాషు వెలిగితే బొమ్మలో ఒక పట్టీ మాత్రమే వెలుగుతుంది. జంటకటకాల కెమేరాలో షట్టరు కటకంలోనే, పూరేకుల వలె అమరి ఉన్నది. ఏ వేగంలోనైనా రేకులు ఒక్కసారి పూర్తిగా విచ్చుకొంటవి. సెకనులో ఐదువందల వంతులో కూడ ఫ్లాషు సరిగా పని చేస్తుంది. పట్టపగటి పెళ్ళిలో దీని విలువ తెలిసినవాడు తన పాత యాషికాను అంత తేలికగా వదలడు.

పన్నెండు బొమ్మలు అయిపోవటమే అసలు కష్టం. జీలకర్ర బెల్లానికి రెండు, తాళికి రెండు అని లెక్కపెట్టుకొంటూ పోవలె. ఫిల్ము మార్చటానికి ఒక నిమిషం పడుతుంది. మాంగల్యధారణ ఫోటోగ్రాఫరు కోసం నిమిషం ఆగదు, మరల జరగదు. చుట్ట అయిపోయిన వేళ బాజాలు మ్రోగితే, ఆ తప్పు ఆ ఇంటివారు ఎన్నేండ్లయినా మరువరు. స్వీడనులో విక్టర్ హాసెల్‌బ్లాడ్ ఈ చిక్కునకు చక్కని మార్గం కనిపెట్టినాడు. 1948లో వెలువడిన ఆయన కెమేరాలో కటకం, పెట్టె, ఫిల్ము ఉన్న వెనుకభాగం మూడూ విడదీయవచ్చును. చుట్టలు నింపిన వెనుకభాగాలు రెండు మూడు సిద్ధంగా ఉంచుకొంటే మార్చటం క్షణంలో పని. ఒక చుట్ట సగంలో ఉండగానే నలుపుతెలుపు తీసివేసి రంగుల ఫిల్ము తగిలించవచ్చును. 1957లో వచ్చిన 500సి మాదిరిలో షట్టరును కటకంలోనికి చేర్చినారు. అమెరికా వ్యోమగామి వాల్టర్ షిరా 1962లో ఈ కెమేరానే అంతరిక్షంలోనికి తీసుకొనిపోయినాడు. 1969లో చంద్రుని మీద దిగినవారు వాడినదీ హాసెల్‌బ్లాడే. తిరుగు ప్రయాణంలో బరువు తగ్గించుకొనటానికి వారు కెమేరాను, కటకాన్ని అక్కడనే విడిచి, ఫిల్ము ఉన్న వెనుకభాగాన్ని మాత్రం తెచ్చుకొన్నారు.

అటువంటి కెమేరాకు ఏది విలువైన భాగమని అడిగితే కొందరు కటకమంటారు, కొందరు గరుకు గాజు మీది బొమ్మ అంటారు, మరికొందరు మరమ్మతుకు లొంగే ఉక్కుశరీరం అంటారు. 1957 నాటి పెట్టెకు 2019లో ప్రకటింపబడిన డిజిటల్ వెనుకభాగం తగులుతుందంటే ఆ మూడవ మాటను కాదనలేము. అయినా చంద్రుని మీద చేసిన ఎంపికలో తేలినది వేరు. అక్కడ వదలరానిది నెగెటివు. తెనాలి స్టూడియోవానికీ అంతే: కెమేరా పోతే అప్పు చేసి మరొకటి కొనవచ్చును, పెళ్ళి నెగెటివు పోతే ఏ అంగడిలోనూ దొరకదు.

1980 దశకం నుండి రంగుల ప్రింట్లు గంటలో తీసిచ్చే యంత్రాలు పట్టణాలకు వచ్చి 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు రాజ్యం కట్టబెట్టినవి; ఆ తరువాత డిజిటల్ కెమేరా రెంటినీ త్రోసివేసినది. ‘మీడియం ఫార్మాట్’ అనే పేరు మాత్రం నిలిచినది. నేడు ఆ పేరుతో అమ్మే చాలా కెమేరాలలో వెలుగును గ్రహించే పలక 44 మిల్లీమీటర్లకు 33, అనగా 1,452 చదరపు మిల్లీమీటర్లు. పాత చతురస్రంలో ఇది సగమైనా కాదు. పేరు పెద్దది, పలక చిన్నది. అయినను కొనేవారికి వైశాల్యం మీద ఉన్న మోజు పాతదే.

మూతపడిన స్టూడియోలలో మిగిలినవి నెగెటివుల పెట్టెలు. సముద్రపు గాలి తగిలే బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో వాటికి శత్రువులు ఇద్దరు. జెలటిన్ తిని బ్రతికే బూజు ఒకటి. ఇది కటకాల మీద కూడ సాలెగూడు వలె అల్లుకొంటుంది. పూర్వం కెమేరా పెట్టెలో వేయించి చల్లార్చిన బియ్యం మూట ఉంచి తడిని పీల్పించేవారు. రెండవ శత్రువు ఫిల్ము ఆధారంలోనే ఉన్నది. అసిటేటు ఫిల్ము వేడికి, తేమకు క్రమంగా విడిపోయి అసిటికామ్లాన్ని వదులుతుంది. పెట్టె మూత తీయగానే పులిసిన వాసన ముక్కుకు తగులుతుంది. ఫిల్ము కుంచించుకొని మడతలు పడుతుంది. 21 డిగ్రీల వేడిమిలో, సగం తేమలో ఉంచినా దాదాపు నలభై ఏళ్ళకు ఈ చెరుపు మొదలవుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. మన ఇళ్ళలో వేడిమి, తేమ రెండూ అంతకన్న ఎక్కువ. గాజుపలకకు మాత్రం ఈ రోగం లేదు. పగలకుండ ఉంటే తాతగారి పలక తండ్రిగారి ఫిల్ముకన్న ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడవ శత్రువును కూడ చెప్పవలె. నలుపుతెలుపు నెగెటివులో వెండి ఉన్నది, దానిని కరగించి తీసేవారికి అది పాత సరుకు మాత్రమే. రంగుల నెగెటివులో వెండిని డెవలపు చేసేటప్పుడే తొలగిస్తారు, మిగిలేది రంగు మాత్రమే. అందుచేత తూకానికి కొనేవానికి అది పనికిరాదు. పాతబొమ్మలనే ముందు కొనుక్కుపోతారన్న మాట. వాటిని కాపాడదలచినవారు చేయవలసినది కొంచెమే: పులిసిన వాసన వచ్చేవాటిని వేరు చేసి, తక్కిన వాటిని ఒక్కొక్కటి ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, ఇంటిలో చల్లగా, పొడిగా ఉండే గదిలో నేలకు ఎత్తుగా ఉంచటం, ఎవరి బొమ్మయో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న ఇంటిలో, ఆ పేరూ ఊరూ సంవత్సరమూ కవరు మీద పెన్సిలుతో వ్రాయటం.